జైలు, మత్తు వైద్యం మీద రీసెర్చ్ చేస్తానంటున్న బిడ్డ: ఒక నాయినకు జవాబు

దేవరకొండ నుంచి ఒకాయన అడిగిండు: "మా పాప డిగ్రీ సైకాలజీ ఫైనల్ ఇయర్. కేసుల్ల ఇరుక్కున్న మత్తు అలవాటోళ్ళకు వైద్యం ఎట్ల అందుతుందో రీసెర్చ్ చేస్తదట. ఆడపిల్ల జైళ్ళ చుట్టూ తిరుగుడేంది సార్, దీంట్ల ఉద్యోగం వస్తదా?"

అన్నా, జైలు భయం అయితే ఇప్పుడే వద్దు, పోతానన్నా ఆమెను లోపలికి రానియ్యరు. ఖైదీల మీద రీసెర్చ్ అంటే జైళ్ళ శాఖ పర్మిషన్ కావాలె, రీసెర్చ్‌తోని మనుషులకు హాని కాకుండా చూసే ఎథిక్స్ కమిటీ ఒప్పుకోవాలె, వార్డర్ పక్కన నిలబడితే ఖైదీ పెట్టిన సంతకం ఇష్టంతో పెట్టిందా భయంతో పెట్టిందా అన్న కాడనే సగం ఫైళ్ళు ఆగుతయి, ఆగాలె కూడా.

ఇగ సబ్జెక్ట్ మాత్రం మస్తు మంచిది. గంజాయి, డ్రగ్స్ అని పేపర్లు మొత్తుకుంటయి గానీ మన పాలమూరు దిక్కు ముందు కల్లు గురించి మాట్లాడాలె. కల్తీ కల్లుల అల్ప్రాజోలం, డైజిపాం, క్లోరల్ హైడ్రేట్ అసొంటి నిద్ర, మత్తు మందులు కలుపుతరు కదా, రోజూ అదే తాగేటోడు ఏదో కొట్లాట కేసుల రిమాండ్‌కు పోతే ఆ మందు అందక రెండు మూడు రోజులకు చేతులు వణుకుతయి, నిద్ర రాదు, ఫిట్స్ వస్తయి, లేని మనుషులు కనబడ్తరు, చూసేటోళ్ళేమో నాటకమాడుతుండు అంటరు. లోపలికొచ్చిన రోజే "రోజూ ఏం తాగుతవ్, ఎంత తాగుతవ్" అని ఎవరన్నా అడిగిన్రా, రాసిన్రా, బెయిల్ మీద బయటికొచ్చినంక ఏ దవాఖానకన్నా పంపిన్రా? పాప ఎతకాల్సింది ఇదే.

ఫస్ట్ ప్రాజెక్ట్ ఇంట్ల కూసొనే చేయొచ్చు. మత్తుమందుల మీద 1985ల వచ్చిన ఎన్‌డీపీఎస్ చట్టంల 64ఏ సెక్షన్ ఉంది, మత్తుమందు వాడినందుకో చిన్న మోతాదు దొరికినందుకో కేసయిన అలవాటోడు తనే ముందుకొచ్చి గుర్తింపున్న సెంటర్ల వైద్యం పూర్తి చేస్కుంటే ప్రాసిక్యూషన్ ఉండదు, మధ్యల వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. 39వ సెక్షన్ కింద అసొంటి కేసుల నేరం రుజువైన అలవాటోన్ని గూడ, వాడు ఒప్పుకుంటే, కోర్టు వెంటనే జైలు శిక్ష వెయ్యకుండ చికిత్సకు పంపొచ్చు. జడ్జీలు ఇవి ఎంత వాడుతున్నరో కోర్టుల వెబ్‌సైట్ ఈ-కోర్ట్స్‌ల ఆర్డర్లు చదివితే తెలుస్తది.

చదువుకు తెలంగాణ పీజీ ఎంట్రెన్స్ సీపీగెట్ రాసి ఎంఎస్‌డబ్ల్యూ (సోషల్ వర్క్ పీజీ), లేకుంటే ముంబైల టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్, అదే టిస్. టిస్ వాళ్ళ ప్రయాస్ అనే ప్రాజెక్ట్ 1990 నుంచి జైళ్ళల్ల, పోలీస్ స్టేషన్లల్ల పనిచేస్తుంది, నాకైతే అదే నచ్చుతది. ఆ తర్వాత బెంగళూరుల మానసిక వైద్య సంస్థ నిమ్హాన్స్ దిక్కు చూడాలె.

ఉద్యోగం అంటారా, గవర్నమెంట్ పోస్టులు తక్కువనే, ఎక్కువ కాంట్రాక్ట్ ప్రాజెక్టులు, ఎన్జీవోలు, కౌన్సిలర్ పనులు. పీజీ అయినంక యూజీసీ నెట్ పరీక్ష రాసి జేఆర్ఎఫ్ (పీహెచ్‌డీ చేసేటోళ్ళకిచ్చే ఫెలోషిప్) కొడితే నెలకు 37,000 వస్తయి, అది కొడితే నిశ్చింత. ఈ ఎండాకాలం సెలవుల్ల పాపను దగ్గర్ల ఏదన్నా డీ-అడిక్షన్ (మత్తు మాన్పించే) సెంటర్ల నెల రోజులు వాలంటీర్‌గా పెట్టండి, పేషెంట్ల కంటే వాళ్ళ పెండ్లాలతోని, అమ్మలతోని ఎక్కువ మాట్లాడమనండి. నెల అయినంక గూడ ఇదే చేస్తా అంటే ఇగ మీరు అడ్డం పడకండి.