అద్దె ఇంట్లో పర్యావరణానికి మేలు చేసే పనులు ఎక్కడ మొదలుపెట్టాలి?

శ్రీకాకుళంలో అద్దె ఇంట్లో ఉంటున్నాం, పెద్దగా ఖర్చు లేకుండా ఏం చేయొచ్చని అడిగారు. నా ఓటు ముందు వంటింటి చెత్తకే. తడి చెత్త, పొడి చెత్త కలిశాయంటే రెండూ ఎందుకూ కొరగావు. అడుగున చిల్లులు పెట్టిన పాత బకెట్‌లో కూరగాయల తొక్కలు ఒక వరస, పైన ఎండుటాకులో కొబ్బరి పొట్టో ఒక వరస వేయండి. కొబ్బరి తోటలుండే ఉద్దానం వైపు చుట్టాలుంటే పొట్టుకు కొదవే లేదు. కంపు కొట్టిందంటే తడి ఎక్కువైనట్టే. ఇంకాస్త పొట్టు వేసి కలియబెట్టండి. రెండు మూడు నెలల్లో నల్లటి ఎరువు తయారవుతుంది. చేపల వ్యర్థాలు మాత్రం వద్దు, పిల్లులు చేరతాయి.

వెదురు బ్రష్షులూ గట్రా కొనాలని టెన్షన్ పడకండి, ఉన్న సామాను అరిగేదాకా వాడితే చాలు. ఆర్‌ఓ వాటర్ ఫిల్టర్ వదిలేసే నీళ్లతో ఇల్లు తుడవొచ్చు. ఉప్పు ఎక్కువ కాబట్టి మొక్కలకు రోజూ పోయొద్దు. 60 వాట్ల పాత బల్బు ఇచ్చే వెలుగును దాదాపు 9 వాట్ల ఎల్‌ఈడీయే ఇస్తుంది, పాతది మాడిపోయినప్పుడు అదే పెట్టండి.

రైతుబజారుకు గుడ్డ సంచి, చేపలకు స్టీలు డబ్బా పట్టుకెళ్లండి. 120 మైక్రాన్ల (0.12 మిల్లీమీటర్ల) కంటే పల్చటి ప్లాస్టిక్ సంచులపై 2022 చివరి నుంచి దేశమంతా నిషేధం ఉంది, మన సంతల్లో అడక్కుండానే చేతిలో పెడుతున్నారనుకోండి!