సందేహాలు – సమాధానాలు: ‘చీర్’ అంటే మొదట ముఖం

సందేహం: మాది పర్లాకిమిడి. బడి ఆటల పోటీల గురించి రాస్తూ ‘పిల్లలు తమ జట్టును చీర్ చేశారు’ అన్నాను. ‘ప్రోత్సహించారు’ అనాలని తోటి టీచరు దిద్దారు. ఏది సరి? గ్లాసులెత్తి అనే ‘చీర్స్’, దిగులుపడే వాళ్లతో అనే ‘చీరప్’ కూడా ఇదే మాటా?
– ఒక పాఠకురాలు

సమాధానం: మూడూ ఒకటేనమ్మా. చీర్ అంటే మొదట ముఖం. తర్వాతి కాలపు లాటిన్‌లో ‘కారా’ అంటే ముఖం. స్పానిష్‌లో నేటికీ అదే మాట, అదే అర్థం. పాత ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి వచ్చి సుమారు 800 ఏళ్లయింది. మనసులో ఉన్నది ముఖంలో తెలుస్తుంది కాబట్టి అది ముఖకవళికై, మనఃస్థితై, చివరికి సంతోషమైంది. విందుభోజనానికీ ఆ పేరు వచ్చింది. ఉత్సాహపరిచే కేక అన్న అర్థం 18వ శతాబ్దిది. గ్లాసులెత్తే చీర్స్ 20వ శతాబ్దిది.

ఈ దారి మనకూ తెలిసిందే. ‘పెళ్లికి సుముఖంగా ఉన్నారు’ అంటే ముఖం బాగుందని కాదు, ఇష్టంగా ఉన్నారని. మొగమాటంలోనూ మొగమే ఉంది.

ఇక మీ వాక్యం. ప్రోత్సహించడం తప్పు కాదు, కానీ చాలా పెద్ద మాట. ఫీజు కట్టి చదివించినా ప్రోత్సాహమే. మైదానం పక్కన నిలబడి గొంతు పోయేలా అరిచిన పిల్లల అరుపు అందులో వినిపించదు. ‘కేకలు వేసి హుషారెక్కించారు’ అంటే వినిపిస్తుంది. హుషారు పారశీకం నుంచి వచ్చిందని ఎవరైనా అభ్యంతరం చెబితే పట్టించుకోకండి. శభాష్ కూడా అక్కడిదే. ‘షాద్ బాష్’, అంటే సంతోషంగా ఉండు. చీరప్ అన్నా దాదాపు అదే కదా! మీ ఒడియా పొరుగువాళ్లు అనే ‘సాబాస్’ కూడా ఇదే. కాకపోతే శభాష్ ఎక్కువగా గెలిచాక చెప్పే మెప్పు, చీర్ ఆట సాగుతుండగా వేసే కేక. ఒకదాని చోట మరొకటి ఎప్పుడూ కుదరదు.

గిడుగు రామమూర్తి పాఠాలు చెప్పిన ఊరు మీది. జనం నోట ఉన్న మాటను రాతలోకి రానివ్వాలని ఆయన పోరాడారు. అందుకే ‘చీర్ చేశారు’ను నేను కొట్టేయను. పిల్లల మాటగా రాసేచోట ఉంచండి. మీ మాటగా రాసేచోట ‘హుషారెక్కించారు’ అనండి.