గట్టి ఉక్కుకు మెత్తని రాయి

ప్రశ్న: మాస్టారూ, నమస్కారం. ఏటికొప్పాకలో మూడు నెలలు పని నేర్చుకుని, ఇంట్లోనే చిన్న లేతు పెట్టుకున్నాను. అంకుడు కర్రతో బొంగరాలు, కుంకుమ భరిణెలు తీస్తున్నాను. హైస్పీడ్ స్టీల్ గౌజులు (గాడి ఉలులు) రెండు, స్క్యూ ఉలి (ఏటవాలు అంచుది) ఒకటి కొన్నాను. తాతగారు కమ్మరి చేత చేయించుకున్న పాత ఉలి కూడా ఉంది. 8 అంగుళాల బెంచ్ గ్రైండరుతో పాటు వచ్చిన బూడిదరంగు రాళ్ల మీద సానపడుతుంటే అంచు చూస్తుండగానే నీలంగా మారిపోతోంది. తాతగారి ఉలి కొసా అలాగే అయింది, దాని పదును అసలు నిలవడం లేదు. షాపులో అడిగితే “గట్టి ఉక్కుకు గట్టి రాయే కావాలి, పచ్చరాయి తీసుకెళ్లండి” అన్నారు. ఇంకొకాయన రాయి బదులు సీబీఎన్ వీల్ అనే లోహపు చక్రం కొనమన్నారు. ఆ ధర వింటే గుండె జారింది. ఏది కొనమంటారు?
– ఒక పాఠకురాలు, తుని

జవాబు: అమ్మా, పచ్చరాయి వద్దు. సీబీఎన్ ఇప్పుడే వద్దు. తెల్లరాయి కొనండి, దాంతో పాటు రాయిని చెక్కే డైమండ్ డ్రస్సర్ ఒకటి కొనండి. మీ పనికి ఈ రెండూ చాలు. ఎందుకో వివరంగా చెబుతాను. కారణం తెలిస్తే రేపు ఏ షాపులో ఎవరేం చెప్పినా మీరే తేల్చుకోగలరు.

పప్పుండ చుట్టడం చూసే ఉంటారు. పల్లీలు వేరు, వాటిని పట్టి ఉంచే బెల్లంపాకం వేరు. సానరాయీ అంతే. కోసేవి గింజలు, వాటిని పట్టి ఉంచేది బంక. రాయి గట్టిది, మెత్తది అని పనివాళ్లు అనేది గింజను చూసి కాదు, పాకాన్ని చూసి. ముదురు పాకమైతే పల్లీ ఊడదు, లేత పాకమైతే వేలు తగిలినా రాలుతుంది. హైస్పీడ్ స్టీల్ గట్టిది కాబట్టి గింజల మొనల్ని త్వరగా అరగదీస్తుంది. మొండిబారిన గింజ ఊడిపోయి కింద ఉన్న కొత్త గింజ పైకి రావాలి. పాకం ముదురైతే అది ఊడదు, కోయడం మానేసి రుద్దుతూ కూర్చుంటుంది. రుద్దితే పుట్టేది వేడే. గ్రైండరు ఆపి రాయి ముఖాన్ని వెలుతురుకి ఏటవాలుగా పెట్టి చూడండి. నూనె రాసిన పెనంలా మెరుస్తుంటే మీ నీలం రంగుకి కారణం అదే. అందుకే గట్టి ఉక్కుకు మెత్తని రాయి కావాలి. షాపులో చెప్పినది సరిగ్గా దీనికి తలకిందులు.

పచ్చరాయి సిలికాన్ కార్బైడ్. లేతు షాపుల్లో కార్బైడ్ ముక్క అతికించిన టూల్ బిట్లు సానపట్టడానికి అది మంచిది. హైస్పీడ్ స్టీల్ మీద దాని గింజ ఊరికే అరిగిపోతుంది, మీ డబ్బు దుమ్మైపోతుంది.

తెల్లరాయి అల్యూమినియం ఆక్సైడ్, అంటే మనం కురువిందం అనే రాయే, కొలిమిలో శుద్ధంగా తయారు చేసినది. ఇంగ్లిషులో కోరండం అన్న మాట మన దక్షిణాది భాషల్లోని ఈ మాట నుంచే వెళ్లింది. మీ బూడిదరంగు రాయి కూడా ఆ జాతిదే, కాకపోతే దాని గింజ మొరటుది, విరగదు. తెల్ల గింజ పెళుసుగా విరిగి కొత్త మొన తేలుస్తుంది. పూర్వం మన దేశంలో రత్నాలు సానపట్టేవాళ్లు కురువిందపు పొడిని లక్కలో కలిపి సానచక్రం పోసుకునేవారు. మీరు బొంగరానికి రంగు పూసే ఆ లక్కే ఒకనాడు సానరాయికి పాకం. నాకు ఈ సంగతి తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఇక రాయి మీది కాగితం చదవడం. డబ్ల్యూఎ 80 కె 5 వి అని ఉందనుకోండి. డబ్ల్యూఎ అంటే తెల్ల గింజ. 80 గింజ సన్నదనం, అంకె పెరిగేకొద్దీ గింజ సన్నం. కె పాకం ముదురు: ఎ అన్నిటికన్నా మెత్తన, జడ్ అన్నిటికన్నా గట్టి. 5 గింజల మధ్య ఎడం. వి అంటే కుండలా కాల్చిన మట్టిబంక. మీ బూడిదరంగు రాయి కాగితం మీద ఈ కె స్థానంలో ఏ అక్షరం ఉందో చూడండి, పి లాంటిది కనబడితే ఆశ్చర్యపోను. మీకు కావలసింది జె గానీ కె గానీ. గింజ 60 చాలామందికి సరిపోతుంది. మీరు మాత్రం 80 తీసుకోండి. అంకుడు మెత్తని కర్ర, పదును ఏమాత్రం గరుకుగా ఉన్నా నార లేస్తుంది, లక్క వేశాక ఆ నార మొత్తం బయటపడుతుంది. రెండోవైపు పాత బూడిదరంగు రాయి ఉండనివ్వండి. ఉలి ఆకారం మార్చాల్సి వచ్చినప్పుడు, డ్రస్సరుతో ముఖం చెక్కి వాడుకోవచ్చు.

కొనేటప్పుడు మూడు కొలతలు రాసుకెళ్లండి: రాయి అడ్డం, మందం, మీ గ్రైండరు ఇరుసు లావు. రాయి కన్నం పెద్దదైతే లోపల బుష్ వేసి ఇస్తారు, అది వదులుగా ఉంటే తీసుకోకండి. రాయి మీద రాసిన గరిష్ఠ వేగం మీ గ్రైండరు వేగం కన్నా ఎక్కువ ఉండాలి. మన దగ్గర మామూలు బెంచ్ గ్రైండరు నిమిషానికి 2,850 చుట్లకు అటూ ఇటూగా తిరుగుతుంది. 8 అంగుళాల రాయి అంచు ఆ లెక్కన సెకనుకు దాదాపు 30 మీటర్లు పరుగెడుతుంది. అందుకే బిగించే ముందు రాయిని వేలికో, సన్నని కర్రకో వేలాడదీసి స్క్రూడ్రైవరు చెక్కపిడితో తట్టండి. గంటలా ఖంగుమనాలి. పగిలిన కుండలా బొంగురుగా పలికిందా, షాపులోనే తిరిగి ఇచ్చేయండి. మొహమాటపడకండి. రాయికి రెండువైపులా కాగితపు బిళ్లలు ఉండాల్సిందే. ఎడమవైపు నట్టు మరలు తిరగేసి ఉంటాయి, చూసుకుని తిప్పండి. బిగువు రాయి జారకుండా ఉంటే చాలు. మొదటిసారి ఆన్ చేసి ఒక పక్కకు జరిగి నిమిషం పాటు ఊరికే తిరగనివ్వండి. ఉలిని ఆనించే టూల్ రెస్టుకీ రాయికీ మధ్య సందు 3 మిల్లీమీటర్లు మించకూడదు. కళ్లద్దాలు, మూతికి మాస్కు లేకుండా స్విచ్ ముట్టుకోవద్దు.

రాయి మారగానే డ్రస్సరు మెల్లగా అటూ ఇటూ నడిపి ముఖాన్ని చదును చేయండి. తర్వాత కూడా మెరుపు కనిపించినప్పుడల్లా అదే పని. తెల్లరాయి కొనుక్కుని డ్రస్సరు కొననివాళ్లు ఆరు నెలలకు మళ్లీ మీలాగే ఉత్తరం రాస్తారు.

ఇప్పుడు నీలం సంగతి. హైస్పీడ్ స్టీల్‌కు 550 డిగ్రీల దగ్గర పదునుపాకం (టెంపరింగ్) పెడతారు, అంతవరకూ వేడెక్కినా అది మెత్తబడదు. నీలం రంగు 300 దగ్గరే కనిపిస్తుంది. కాబట్టి మీ గౌజులు పాడైపోలేదు, బెంగ వద్దు. కాలిన గౌజుని మాత్రం గబుక్కున నీళ్లలో ముంచకండి. అంచులో కంటికి కనబడని పగుళ్లు వస్తాయి. గాలికే చల్లారనివ్వండి.

తాతగారి ఉలి వేరు. కమ్మరి చేసింది కాబట్టి అది కార్బన్ స్టీల్ అయి ఉండాలి. నిప్పురవ్వలు చూసి తేల్చుకోవచ్చు. హైస్పీడ్ స్టీల్ రవ్వలు మసకగా, ఎర్రగా పడతాయి. కార్బన్ స్టీల్‌వి కాకరపువ్వొత్తిలా తెల్లగా విచ్చుకుంటాయి. ఈ ఉక్కుకి 200 డిగ్రీలు దాటినప్పటి నుంచే గట్టిదనం పోతుంటుంది. నీలం వచ్చిందంటే ఆ మేర మెత్తబడిపోయినట్టే.

నేను పని నేర్చుకునే రోజుల్లో మా గురువుగారి ఉలిని ఇలాగే కాల్చాను. పాత ఆకురాయిని (అరగదీసే ఉక్కు ఫైలుని) కమ్మరి కొలిమిలో సాగదీసి చేయించుకున్న ఉలి అది. ఆయన ఒక్క మాట అనలేదు. దాన్ని నా చేతికే ఇచ్చి అంకుడు దిమ్మె మీద పట్టమన్నారు. మొదట పొట్టు పట్టుదారంలా సాగింది. ఒక భరిణె మూత సగమయ్యేసరికి పొడిపొడిగా రాలడం మొదలెట్టింది, చేతికి ఉలి జారుతున్నట్టు తెలిసింది. అంచు వెలుతురుకి పెడితే తెల్లటి గీత కనబడింది. పదునైన అంచు వెలుతురులో కనబడదు. ఆ గీత ఇప్పటికీ నా కళ్లలో ఉంది.

సీబీఎన్ గురించి కూడా చెప్పాలి, అది మంచి వస్తువే. అది క్యూబిక్ బోరాన్ నైట్రైడ్. 1957లో అమెరికాలో జనరల్ ఎలక్ట్రిక్ ప్రయోగశాలలో తయారైంది. కాఠిన్యంలో వజ్రం తర్వాత చెప్పుకోదగ్గది. వేడెక్కిన ఇనుము వజ్రంలోని కార్బన్‌ని తినేస్తుంది కాబట్టి గ్రైండరు మీద ఉక్కు సానకు వజ్రం పనికిరాదు, ఇది పనికొస్తుంది. లోహపు చక్రం మీద పూత కాబట్టి రాయిలా అరిగి చిన్నదవదు, డ్రస్సరు అక్కర్లేదు, ఒకసారి కుదిరిన కోణం మారదు. కానీ మెత్తని ఇనుము తగిలితే గింజల సందులు పూడుకుపోతాయి. మీరు రోజూ పొద్దున్నుంచి సాయంత్రం దాకా లేతు మీదే ఉండి, ఉలులన్నీ హైస్పీడ్ స్టీల్‌వే అయిన రోజున కొనండి.

కోణం కుదరడం గురించి అడగలేదు గానీ చెబుతాను. ఉలి వాలు మీద మార్కరు పెన్నుతో సిరా పూయండి. గ్రైండరు ఆపి ఉండగానే ఉలిని రెస్టు మీద పెట్టి రాయిని చేత్తో సగం చుట్టు తిప్పండి. సిరా మడమ (వాలు వెనక కొస) దగ్గర పోయిందా, అంచు దగ్గర పోయిందా చూసి రెస్టు సర్దండి. వాలు పొడుగునా పోయాకే స్విచ్ వేయండి. అప్పుడు ఉలిని నొక్కనక్కర్లేదు, దాని బరువు చాలు.

తాతగారి ఉలిని తెల్లరాయి వచ్చేదాకా ముట్టుకోకండి. వచ్చాక పక్కన నీళ్ల గిన్నె పెట్టుకుని, అంచుకి దగ్గరగా వేలు ఆనించి ఉంచండి. వేలికి వెచ్చన తెలియగానే ముంచండి. కార్బన్ స్టీల్‌ని ఇలా వెచ్చగా ఉండగానే ముంచితే ఏమీ కాదు. అలా నీలం ఉన్న మేరా, దాని వెనక ఇంకో మిల్లీమీటరూ తీసేయండి. ఒక పూట పడుతుంది. లోపలి ఉక్కు కమ్మరి ఇచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంటుంది. దాంతో మొదట తీసిన భరిణె ఎలా వచ్చిందో నాకు రాయండి.