బుడతల మొదటి హైక్: తమ్ముడికో ఉత్తరం

తమ్ముడూ,

వచ్చే ఆదివారం పద్దెనిమిది మంది చిన్న స్కౌట్లని హైక్‌కి తీసుకెళ్తున్నావని, దారి తప్పుతామేమోనని తెగ టెన్షన్ పడుతున్నావని తెలిసింది. దారి సంగతి సులువే, ముందుగా ఒకసారి నువ్వు నడిచి చూసుకుంటే చాలు. అసలు చూసుకోవాల్సింది పిల్లల కాళ్లు.

1892లో నైస్మిత్ అనే స్కాట్లాండ్ పర్వతారోహకుడు ఒక లెక్క చెప్పాడు: గంటకు సుమారు 5 కిలోమీటర్లు, ఎక్కాల్సిన ప్రతి 600 మీటర్లకు ఇంకో గంట. అది దిట్టంగా నడిచే పెద్దవాళ్ల లెక్క. ఈ బుడతలతో గంటకు రెండు కిలోమీటర్లు నడిచావంటే గొప్పే, కాబట్టి మొత్తం మూడు, నాలుగు కిలోమీటర్లకు మించి పెట్టుకోకు.

అందరికంటే నెమ్మదిగా నడిచేవాణ్ణి ముందు పెట్టు. నేను మొదట్లో చురుకైనవాళ్లని ముందు వదిలేవాణ్ణి. వాళ్లు దూసుకెళ్లి, ఆగి, హాయిగా నీళ్లు తాగుతూ కూర్చునేవాళ్లు, వెనకబడ్డ చిన్నోడు రొప్పుకుంటూ వచ్చి చేరగానే 'వచ్చేశాడు, పదండి' అని లేచేవాళ్లు. అంటే విశ్రాంతి ఎవరికి కావాలో వాడికి తప్ప అందరికీ దొరికేదన్నమాట! ఒకసారి అలాంటివాడే దారి మధ్యలో చతికిలబడి బూటు విప్పితే మడమ మీద శనగగింజంత బొబ్బ, అప్పటికే చితికిపోయి ఉంది. ఎప్పట్నుంచి నొప్పిరా అంటే 'మొదట్నుంచీ' అన్నాడు. అందుకే బయల్దేరే ముందే చెప్పు, కాలు చురుక్కుమంటే ఆగి చెప్పాలని, ఎవరూ నవ్వరని. అప్పుడే టేప్ వేస్తే బొబ్బ దాకా రాదు. కొత్త బూట్లు మాత్రం వద్దు.

ఒక్కడివే వెళ్లకు, వెనక ఇంకో పెద్దవాళ్లు ఉండాలి, వాళ్లని దాటి ఏ పిల్లాడూ వెనక మిగలకూడదు. జంటలు కట్టు, ఎవరి జోడీని వాళ్లే కనిపెట్టుకుంటారు. అయినా ఆగిన ప్రతిచోటా లెక్కపెట్టు. తప్పిపోతే వెతుక్కుంటూ తిరగకుండా ఉన్నచోటే ఆగి, మూడేసిసార్లు విజిల్ వెయ్యాలని నేర్పు, నోటితో చెప్పడం కాదు, బయల్దేరే చోటే ఒకసారి చేయించు. ఉరుము వినబడితే వెనక్కి వచ్చెయ్, చివరి ఉరుము తర్వాత అరగంట గడిచేదాకా మళ్లీ బయటికి తీయకు.

ప్రకృతి పాఠాలు దంచకు. ఒక కుళ్లిన దుంగ దగ్గర పది నిమిషాలు కూర్చోబెట్టి భూతద్దం చేతికివ్వు, చీమల్ని వాళ్లే చూసుకుంటారు. ఎత్తిన రాయిని మళ్లీ అలాగే పెట్టించు, దాని కింద కాపురాలుంటాయి.

దారి చివర గులకరాళ్లతో ఒక వలయం పేర్చి మధ్యలో ఒక రాయి పెట్టు. స్కౌట్ గుర్తుల్లో దానర్థం 'ఇంటికెళ్లిపోయాను'. కెన్యాలోని న్యేరిలో, స్కౌట్ ఉద్యమం మొదలుపెట్టిన బేడెన్-పవెల్ సమాధి మీదా అదే గుర్తు ఉంది. పిల్లలు దాన్ని కనిపెట్టేదాకా నోరు మెదపకు. తర్వాత రాళ్లు చెదరగొట్టించు.

అన్నట్టు, ఫస్ట్ ఎయిడ్ డబ్బా బ్యాగు అడుగున కూరెయ్యకు, పై జేబులో పెట్టు.

మీ అన్నయ్య