లావోస్ జెర్సీ కావాలంటే ముందు పాస్‌పోర్టు సంగతి తేలాలి

ప్రశ్న: మాది గుంటూరు. ఉద్యోగరీత్యా ఏడేళ్లుగా లావోస్ రాజధాని వియంటియాన్‌లో ఉంటున్నాం. మా అబ్బాయికి పదిహేనేళ్లు, స్కూల్ టీమ్‌లో స్ట్రైకర్. లావోస్ జాతీయ జట్టుకు ఆడతానని, వచ్చే ఏడాది నుంచి చదువు ఆపేసి ఫుట్‌బాల్ మీదే ఉంటానని పట్టుబడుతున్నాడు. థాయ్‌లాండ్‌లో ట్రయల్స్ ఇప్పిస్తానని ఒకాయన డబ్బు అడుగుతున్నాడు. ఏం చేయమంటారు సార్?

జవాబు: డబ్బు సంగతి ముందు తేల్చేద్దాం. ఇవ్వకండి. ఫుట్‌బాల్ ఏజెంటుకు ఫిఫా లైసెన్సు ఉండాలి. మైనర్ తరఫున మాట్లాడాలంటే తల్లిదండ్రుల రాతపూర్వక అనుమతి ముందే తీసుకోవాలి. ఆ లైసెన్సు చూపించమని అడగండి, ఆయన మళ్లీ ఫోన్ చేయకపోవచ్చు.

ఇక అబ్బాయి కోరిక. ఏడేళ్లుగా అక్కడే ఉన్నాడంటే ఎనిమిదేళ్ల వయసులో వచ్చాడన్నమాట. పదేళ్లలోపే వచ్చి కనీసం మూడేళ్లు ఆ దేశంలో ఉంటే నివాసం విషయంలో ఫిఫా అభ్యంతరం పెట్టదు. చిక్కంతా పౌరసత్వంతోనే. లావోస్ ద్వంద్వ పౌరసత్వాన్ని గుర్తించదు, మన దేశమూ అంతే. అంటే లావోస్ జెర్సీ వేసుకోవాలంటే భారత పాస్‌పోర్టు వదులుకోవాలి. బిల్లీ కెట్కియోఫోంఫోన్ పేరు మీవాడు మీ దగ్గర ఎత్తే ఉంటాడు. 1990లో ఫ్రాన్స్‌లో పుట్టి, స్ట్రాస్‌బర్గ్‌లో ఎదిగి, ఆంజే క్లబ్బుతో ఫ్రెంచ్ మొదటి డివిజన్ దాకా ఆడిన స్ట్రైకర్ ఆయన. ముప్పై దాటాక, 2021 డిసెంబరులో ఆగ్నేయాసియా ఛాంపియన్‌షిప్‌లో లావోస్ తరఫున దిగాడు. అయితే ఆయన అమ్మానాన్నలది లావోస్. మీవాడికి ఉన్నది నివాసం ఒక్కటే.

పాస్‌పోర్టు మార్చుకున్నాడే అనుకుందాం, చేతికొచ్చేది ఎంత? లావోస్ ఇంతవరకూ ప్రపంచకప్‌కు గానీ ఆసియా కప్‌కు గానీ అర్హత సాధించలేదు. 2026 ప్రపంచకప్ అర్హత పోటీల్లో 2023 అక్టోబరులో నేపాల్‌తో రెండు మ్యాచ్‌లు ఆడింది. కాఠ్‌మాండూలో 1-1, సొంతగడ్డ మీద 0-1. అంతటితో ఇంటికి. అంతకు నాలుగేళ్ల ముందు బంగ్లాదేశ్ చేతిలోనూ రెండు మ్యాచ్‌లకే కథ ముగిసింది. జట్టు తొలి మెట్టు మీదే ఆగిపోతే ఆ తర్వాత పోటీ మ్యాచ్‌లు కరువు, ఆడితేగా స్ట్రైకర్ ఎవరి కంటైనా పడేది! ఆడినా బంతి రావాలి కదా. 2022 ఆగ్నేయాసియా ఛాంపియన్‌షిప్‌లో వియత్నాం మీద 0-6, మలేసియా మీద 0-5. అలాంటి రోజున ముందు నిలబడ్డవాడు తొంభై నిమిషాలూ ఎదుటి డిఫెండర్ల వెంట పరుగెత్తడంతోనే సరి. అయినా ఆ జట్టును తీసిపారేయలేం. 2024 డిసెంబరులో ఇండోనేషియాకు వెళ్లి, ఎదుట ఉన్నది కుర్ర జట్టే అయినా, 3-3తో డ్రా చేసుకొచ్చారు. 2016లో గువాహటిలో మన మీదా మొదటి గోల్ వాళ్లదే. చివరికి 6-1తో మనం గెలిచామనుకోండి.

లావోస్‌లో బాగా ఆడే ముందువరస కుర్రాడికి బతుకుతెరువు మెకాంగ్ నది అవతల, థాయ్‌లాండ్‌లోనే. లావోస్ ఆటగాడు సుకఫోన్ వోంగ్‌చియెంగ్‌ఖామ్‌నే చూడండి, అక్కడ సరాబురీ, చైనాట్ లాంటి క్లబ్బులకు ఆడాడు. థాయ్ లీగ్‌లో విదేశీ ఆటగాళ్ల పరిమితికి అదనంగా ఆగ్నేయాసియా దేశాలవాళ్లకు వేరే కోటా పెట్టడం లావోస్ కుర్రాళ్లకు బాగా కలిసొచ్చింది. మీవాడికి ఆ కోటా వర్తించదు. భారత పాస్‌పోర్టుతో వెళ్తే బ్రెజిల్ నుంచో ఆఫ్రికా నుంచో వచ్చినవాళ్లతో సహా విదేశీయులందరితో పోటీ పడాలి. ఈ ముక్క ట్రయల్స్ ఇప్పిస్తానన్న పెద్దమనిషి మీకు చెప్పి ఉండడు.

పద్దెనిమిది నిండేదాకా దేశం దాటి వేరే క్లబ్బుకు బదిలీ కావడాన్ని ఫిఫా మామూలుగా ఒప్పుకోదు. మీకు ఉపయోగపడే మినహాయింపు ఒకటుంది. ఆటగాడి ఇల్లూ, అవతలి దేశపు క్లబ్బూ రెండూ సరిహద్దుకు 50 కిలోమీటర్లలోపు, ఆ రెంటి మధ్య దూరం 100 కిలోమీటర్లలోపు ఉంటే, రెండు దేశాల సమాఖ్యలూ ఒప్పుకుంటే, ఇంట్లోనే ఉంటూ ఆడుకోవచ్చు. మెకాంగ్ మీది ఫ్రెండ్‌షిప్ బ్రిడ్జి దాటితే థాయ్‌లాండ్ ఊరు నోంగ్‌ఖాయ్ వచ్చేస్తుంది కాబట్టి వియంటియాన్ పిల్లలకు ఇది కాగితం మీద మిగిలిపోయే నిబంధన కాదు. అయినా ఈ ఏడాదికి నేను దాని జోలికి వెళ్లను. ముందు వియంటియాన్ క్లబ్బులోనే యూత్ జట్టులో చేర్చండి. స్కూల్ మ్యాచుల్లో గోల్స్ కొట్టడం వేరు, తనకంటే రెండేళ్లు పెద్దవాళ్ల మధ్య చోటు నిలబెట్టుకోవడం వేరు. రెండు సీజన్లు అలా ఆడితే వాడి స్థాయి వాడికే తెలుస్తుంది.

చదువు మాత్రం ఆపొద్దు. ప్లస్ టూ అయ్యేసరికి వాడికి పదిహేడో పద్దెనిమిదో వస్తాయి, బదిలీ తలుపు తెరుచుకునేదీ అప్పుడే. ఈ రెండేళ్లు చదువు మానేస్తే ఆటకు అదనంగా ఒరిగేదేమీ లేదు. ఇండియాకు వచ్చేస్తే దారి సులువవుతుందా అంటే అదీ చెప్పలేను. 2021-22లో మన దేశపు పెద్ద లీగు ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఏదేమైనా పాస్‌పోర్టు మార్చే ఆలోచన ఇప్పుడు వద్దు. వాడికి ఇరవై దాటాక, ఏదైనా క్లబ్బు జీతమిచ్చి ఆడిస్తున్నప్పుడు, వాడే ఆలోచించుకుంటాడు.

ఈ నెలలో మీరు చేయాల్సింది ఒకటుంది. పరాయి దేశపు పిల్లవాణ్ని మొదటిసారి క్లబ్బులో రిజిస్టర్ చేసేటప్పుడు, అక్కడికి ఆట కోసం రాలేదనో, ఐదేళ్లుగా వరుసగా ఉంటున్నాడనో రుజువు అడుగుతారు. మీ వర్క్ పర్మిట్లు, వీసా స్టాంపులు, అద్దె ఒప్పందాలు, వచ్చిన ఏడాది నుంచి స్కూలు ఇచ్చిన ప్రోగ్రెస్ కార్డులు సంవత్సరాల వారీగా ఒక ఫైల్లో పెట్టి, దేనికి దానికి జిరాక్స్ తీయించి ఉంచండి.