గంటసేపు ఫారం నింపినా జవాబు రాదేంటి మేడమ్?

సూర్యాపేట అమ్మాయి ఒకరు అడిగారు. జేఎన్టీయూహెచ్ యూనివర్సిటీ కింద ఉన్న కాలేజీలో ఈసీఈ (ఎలక్ట్రానిక్స్) బ్రాంచ్ బీటెక్ చేసి 2024లో పాసైంది, ఎస్ఆర్ నగర్ హాస్టల్లో ఉండి జాబ్ ట్రయల్స్ వేస్తోంది. రెజ్యూమే అప్‌లోడ్ చేశాక కూడా అవే వివరాలు మళ్ళీ బాక్సుల్లో కొట్టమంటున్నారట, ఒక కంపెనీ మూడు రౌండ్లు చేసి మూడు వారాలుగా ఉలుకూ పలుకూ లేదట, ఇంట్లో నాన్న రోజూ ఫోన్ చేసి ఏమైంది అంటుంటే ఏం చెప్పాలో తెలియట్లేదట. "నాలోనే ఏదో లోపం ఉందా మేడమ్?" అని రాసింది.

అమ్మా, ముందు ఆ బాక్సుల సంగతి చెప్తా. ఫ్రెషర్ పోస్టు ఒకటి పడితే వేలల్లో అప్లికేషన్లు వస్తాయి, అన్ని రెజ్యూమేలూ కూర్చుని ఎవరూ చదవరు, అందుకే పాసవుట్ ఇయర్, బ్రాంచ్, పదో తరగతి నుంచి అన్నింట్లో 60 శాతం ఉందా, బ్యాక్‌లాగ్స్ (ఇంకా పాస్ కాని సబ్జెక్టులు) ఉన్నాయా అని విడివిడిగా అడిగి వాటి మీద ఫిల్టర్ పెడతారు. నీకు జవాబు రాని వాటిలో చాలావరకు ఏ మనిషీ నీ రెజ్యూమే తెరిచి కూడా ఉండడు. తెరవని రెజ్యూమేని బట్టి నీలో లోపం ఉందని ఎలా అనుకుంటావు తల్లీ?

కానీ ఆ బాక్సులు కరెక్టుగా నింపడం మాత్రం నీ చేతిలో ఉంది. సీజీపీఏ (పదికి లెక్కేసే గ్రేడ్ల సగటు) 6.9 అని రాశావు, పర్సంటేజ్ అడిగినప్పుడు 69 అని కొడుతున్నావా? జేఎన్టీయూహెచ్ లెక్క ప్రకారం సీజీపీఏలోంచి 0.5 తీసేసి పదితో గుణించాలి, అంటే 64. కటాఫ్ 60 అయితే రెండిట్లోనూ దాటేస్తావు కానీ రేపు ఆఫర్ వచ్చాక బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్‌లో సీఎంఎం, అంటే అన్ని సెమిస్టర్ల మార్కులూ కలిపి ఇచ్చే మెమో తీసి చూస్తారు, అక్కడ ఐదు శాతం తేడా కనిపిస్తే కావాలని పెంచి రాశావనుకుంటారు. ఇది చాలామంది పిల్లలు చేస్తున్న పొరపాటు, దయచేసి ఇవాళే సరిచెయ్.

పేరు ఇంకో తలనొప్పి. మన ఎస్సెస్సీ మెమోలో ఇంటిపేరు ముందు ఉంటుంది, ఆధార్‌లో ఒక్క అక్షరం ఇనిషియల్ ఉంటుంది, పాన్‌లో ఇంకోలా ఉంటుంది, ఫారంలోనేమో ఫస్ట్ నేమ్, లాస్ట్ నేమ్ అని రెండు గళ్ళు. పదో తరగతి మెమోలో ఉన్నట్టే ఎక్కడైనా ఇవ్వు, నువ్వు ఖాళీగా ఉన్న ఈ టైములోనే మిగతా కార్డులు దానికి తగ్గట్టు మార్పించుకో. ఆఫర్ చేతిలో పెట్టుకుని మీసేవ చుట్టూ తిరగడం చాలా టెన్షన్.

కంపెనీలు అప్లికేషన్లు తీసుకోడానికి వాడే వర్క్‌డే అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే కెరీర్ పేజీల్లో కంపెనీ కంపెనీకీ వేరే అకౌంట్ పెట్టాలి, అది విసుగే, కాదనను. ఒక షీట్‌లో మార్కులు, తేదీలు, హాల్ టికెట్ నంబర్లు, ప్రాజెక్ట్ గురించి నాలుగు లైన్లు రాసి పెట్టుకో, కాపీ పేస్ట్ చేసుకోవచ్చు. రెజ్యూమే సింగిల్ కాలమ్‌లో పెట్టు, రెండు కాలమ్‌ల డిజైన్లని సాఫ్ట్‌వేర్ సరిగ్గా చదవక బాక్సులు గందరగోళంగా నింపుతుంది, అదంతా మళ్ళీ నువ్వే దిద్దుకోవాలి. ఇంకో మాట, ఎలిజిబిలిటీలో 2025 బ్యాచ్ మాత్రమే అని ఉంటే ఆ ఫారం ముట్టుకోవద్దు. అలా మిగిలిన గంటలో ఆ కంపెనీలో ఉన్న సీనియర్‌కి మెసేజ్ పెట్టు, "ఏమైనా ఓపెనింగ్స్ ఉన్నాయా అన్నా" అని కాకుండా జాబ్ ఐడీ, రెజ్యూమే, నువ్వెందుకు సరిపోతావో రెండు లైన్లు కలిపి పంపు, అప్పుడు రిఫర్ చెయ్యడం వాళ్ళకి రెండు నిమిషాల పని.

కెమెరాకి చూసి మాట్లాడే వీడియో ఇంటర్వ్యూ, అవతల మనిషే లేకుండా, అది ఎవరికైనా ఇబ్బందే. ఫోన్లో రికార్డ్ చేసుకుని ప్రాక్టీస్ చెయ్. హాస్టల్ వైఫై మధ్యలో పోతే స్క్రీన్‌షాట్ తీసి వెంటనే మెయిల్ పెట్టి మళ్ళీ లింక్ అడుగు, అడిగితే ఇచ్చేవాళ్ళు ఉన్నారు.

మూడు రౌండ్లు చేసి నోరు మెదపకపోవడం మాత్రం వాళ్ళ తప్పే. ఒక పిల్ల బస్సెక్కి, చీటీ పట్టుకుని మాదాపూర్‌లో సాయంత్రం దాకా నిలబడితే కనీసం "కాదు" అని ఒక లైన్ పంపడానికి ఏం ఖర్చవుతుంది? నాకు నిజంగా కోపం వస్తుంది. ఇకనుంచి ఏ రౌండ్ అయినా లేచేముందు తర్వాతి స్టెప్ ఏంటి, ఎప్పటిలోగా చెప్తారు అని అడుగు. ఆ డేట్ దాటితే ఒక్కసారి గుర్తు చెయ్, తర్వాత వదిలేసి వేరేవి చూసుకో.

ఈ నీరసంలో ఉన్నప్పుడే బ్యాక్‌డోర్ జాబ్ అని, సెక్యూరిటీ డిపాజిట్ అని ఫోన్లు వస్తాయి. రూపాయి కూడా కట్టొద్దు, ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి దగ్గరా పెట్టొద్దు. ఎవరైనా ఆన్‌లైన్‌లో డబ్బు లాగేస్తే ఆలస్యం చెయ్యకుండా సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్.

ఆ షీట్‌లోనే వేసిన అప్లికేషన్లు కూడా రాసుకుని నాన్నకి ఆదివారం చూపించు, ఎన్ని వేశావు, ఏది ఏ రౌండ్‌లో ఉంది అన్నది కళ్ళతో చూస్తే రోజూ అడగాల్సిన అవసరం ఆయనకీ తగ్గుతుంది. ఆ మూడు రౌండ్ల కంపెనీకి ఇవాళే మెయిల్ పెట్టు, రిక్రూటర్ మెయిల్ ఐడీ లేకపోతే ఇంటర్వ్యూకి పిలిచిన మెయిల్‌కే రిప్లై కొట్టు, ఇంటర్వ్యూ తేదీ, పోస్టు పేరు రాసి స్టేటస్ చెప్పమని అడిగితే చాలు.