గోల్ఫ్ స్వింగ్‌లో ఒళ్లు తిప్పడం అంటే అసలు ఏం తిప్పాలి?

అనంతపురంలో క్రికెట్ ఆడుతూ పెరిగాను, ఇప్పుడు బెంగళూరు వెళ్లినప్పుడల్లా గోల్ఫ్ నేర్చుకుంటున్నాను, కానీ బంతి కుడికి వంకర తిరిగిపోతోంది, కోచ్ ఏమో ఒళ్లు తిప్పమంటున్నాడు అని అడిగారు కదా.

మీది కుడిచేతి వాటం అనుకుని చెప్తున్నా. క్లబ్ (బంతిని కొట్టే కర్ర) వెనక్కి ఎత్తేటప్పుడు భుజాలు దాదాపు 90 డిగ్రీలు తిరగాలి, నడుము అందులో సగమే. బలం ఆ తేడాలోనే ఉంది. చాలామంది తిరగరు, కుడివైపుకి జరుగుతారు.

క్లబ్ బంతి మీదికి దిగేటప్పుడు వరుస ముఖ్యం: ముందు బరువు ఎడమ కాలి మీదికి, తర్వాత నడుము, ఛాతీ, చేతులు, ఆఖరికి క్లబ్. మీరు బహుశా భుజాలతో మొదలుపెడుతున్నారు, అప్పుడు క్లబ్ బయటి నుంచి లోపలికి, అంటే మీ ఒంటి వైపుకి, కోసుకుంటూ వస్తుంది, దాని ముఖం (బంతికి తగిలే వైపు) కూడా తెరిచి, అంటే కుడికి తిరిగి ఉంటే బంతి కుడికే పోతుంది. క్రికెట్‌లో స్ట్రైట్ డ్రైవ్‌కి ఛాతీ తెరుచుకోకూడదంటారు, ఇక్కడ మాత్రం చివరికి బొడ్డు టార్గెట్ వైపు చూడాలి, కుడి మడమ లేవాలి.

క్లబ్ కూడా అక్కర్లేదు, సాయంత్రం ఎండ తగ్గాక మిద్దె మీద పిట్టగోడ వైపు వీపు తిప్పి, పిరుదులు గోడకి కాస్త ఆనేలా ముందుకి వంగి నిలబడి, చేతులు ఛాతీ మీద కట్టుకోండి. వెనక్కి తిరిగేటప్పుడు కుడి పిరుదు గోడని నొక్కాలి, దిగేటప్పుడు ఎడమది. రెండూ గోడని వదిలేస్తే నడుము బంతి వైపుకి తోసుకొస్తోందన్నమాట. నెమ్మదిగానే చేయండి, నడుం నొప్పి ఉంటే మాత్రం ముందు డాక్టర్‌ని అడగండి.